అప్పజెప్పిన సాయంత్రాలు

బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా వరసలో నాలుగు క్వార్టర్ల దాకా నేను బాగా చదివే పిల్లనని పేరు. ఆ పేరు నా గొంతు వల్ల వచ్చింది, బుర్ర వల్ల కాదు.

మా అమ్మకి చదవడం రాదు. మేముండేది హిందీవాళ్ల ఊళ్లో, నేను చదివేది హిందీ బడిలో. అమ్మకి తెలిసిన హిందీ కూరల బండివాడితో బేరానికి సరిపోయేంత. అందుకని నా చదువుని ఆవిడ చెవితో కొలిచేది. నేను ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని పైకి చదవాలి. వంటింట్లోకి గొంతు వినిపిస్తున్నంతసేపూ చదువు సాగుతున్నట్టే. గొంతు ఆగితే వంటింట్లో గరిట కూడా ఆగేది.

"ఏటే, ఇనపడతన్నేదు?"

"పఢ్ రహీ హూఁ నా!" అని, చదువుతూనే ఉన్నానని అరిచి మళ్లీ మొదలెట్టేదాన్ని. అమ్మ తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

ఇలా రెండు మూడేళ్లు గడిచేసరికి నాకొక విద్య పట్టుబడింది. నోరు పుస్తకంలో ఉంటుంది, నేనుండను. నోటి దారిన నోరు మొగలు బాదుషాల పేర్లు వరసగా చదువుకుంటూ పోయేది. నేను కిటికీలోంచి దిగి యార్డులోకి వెళ్లిపోయేదాన్ని. గూడ్సు పెట్టెల మీద సుద్దముక్కతో ఎవరో ఊళ్ల పేర్లు గీసి ఉండేవారు. ఏ పేరు కనిపిస్తే ఆ ఊరికి నా ప్రయాణం. ఇంజను వెనక్కి నెట్టగానే పెట్టె పెట్టెకీ తగిలి ఆ చప్పుడు వరస చివరిదాకా పాకుతూ పోయేది. దాని వెనకే నేనూ పోయేదాన్ని. పొద్దు వాలాక ఉక్కు కార్ఖానా వైపు, ఇనుము తీయగా మిగిలిన కరిగిన చిట్టెం పారబోసినప్పుడు ఆకాశం ఒక్కసారిగా నారింజ రంగుకి తిరిగేది. కిటికీ ఊచలు, నా చేతులు, పుస్తకం కాగితం అన్నీ ఆ రంగులోనే ఉండేవి. ఆ వెలుగు తగ్గేదాకా నా నోరు మటుకు బాబర్ దగ్గర్నుంచి ఔరంగజేబు దాకా వెళ్లి మళ్లీ బాబర్ దగ్గరికి వచ్చేది. అమ్మ తృప్తిగా పోపు పెట్టుకునేది.

ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు సిగ్గు వేయదు. నిజం చెప్పాలంటే, అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ చదవలేదు.

తొమ్మిదో క్లాసులో దసరా ముందు జరిగిన అర్ధసంవత్సరం పరీక్షల్లో మూడు సబ్జెక్టులు పోయాయి. చరిత్ర, జీవశాస్త్రం, లెక్కలు. మార్కుల కాగితం మీద మూడు చోట్ల ఎర్ర సిరాతో గీతలు. దాని మీద నాన్న సంతకం కావాలి.

మా నాన్న కేబిన్‌మేన్. పట్టాల పక్కన మేడలాంటి గదిలో ఉండి, స్టేషను మాస్టరు ఫోనులో చెప్పినట్టు లీవర్లు లాగి బళ్లకి దారి ఇవ్వడం ఆయన పని. మాట తక్కువ మనిషి. కాగితం చూసి కేకలేస్తాడనుకున్నాను. ఆయన కేకలేయలేదు. సంతకం పెట్టి, చొక్కా జేబులోంచి నీలం రంగు ఇన్‌లాండు లెటరు ఒకటి తీసి, పలాసలో ఉన్న మా మావయ్యకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

"ఈ హిందీ దీని తలకెక్కడం నేదు. అక్కడే తెలుగు బళ్లో ఎయ్యండి అని రాత్తన్నాను," అన్నాడు అమ్మతో.

నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం కూడబలుక్కుంటేనే. అక్కడి బళ్లో నన్ను ఏ ఆరో క్లాసులోనో, నా నడుం దాకా వచ్చే పిల్లల మధ్య కూర్చోబెడతారు. అదొకటే కాదు. ఈ కిటికీ ఉండదు. ఈ యార్డుండదు. అమ్మ ఉండదు. నేను ఏడవడం మొదలెట్టాను.

అమ్మ అప్పుడు బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, "పెద్ద పరీచ్చలు ఇంకా ఉన్నాయి గదా. అయి అవ్వనీండి," అంది. అంతే.

నాన్న ఉత్తరం పూర్తిచేసి, అడ్రసు కూడా రాసి, అంటించకుండా దేవుడి పటం వెనక పెట్టాడు. "తప్పిందంటే రిజల్టు రోజే పోస్టు సేత్తాను," అన్నాడు. మర్నాటి నుంచి దీపం పెట్టడానికి వెళ్లినప్పుడల్లా పటం వెనక నీలం అంచు కనిపించేది. నేను దేవుడి మొహం చూడ్డం మానేశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, పొద్దుటి డ్యూటీ చేసి వచ్చిన నాన్న నా పక్కన కూర్చున్నాడు. భయంతో గొంతు ఇంకా పెంచి ఒక పేజీ చదివాను.

"ఏటి సదివేవమ్మా?"

"పంచాయత్ కా పాఠ్."

"అందులో ఏటుంది?"

నేను పుస్తకంలోకి చూశాను. ఆయన అరచెయ్యి పేజీ మీద పెట్టేశాడు. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఇప్పుడే, ఈ నోటితోనే చదివాను. ఆ పేజీ మీద ఏముందో పక్కింటి గోడకి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

నాన్న కోప్పడితే బాగుండేది. ఆయన మొహం చిన్నబోయింది. నా లెక్కల పరీక్ష కాగితం తెమ్మన్నాడు. తిరగేస్తూ నాలుగో లెక్క దగ్గర ఆగాడు. లెక్క చేసిన పద్ధతంతా సరిగ్గానే ఉంది, జవాబు తప్పు. ఎందుకలా అయిందని అడిగాడు.

మా లెక్కల టీచరమ్మ ప్రశ్నపత్రాలు సైక్లోస్టైల్ మిషను మీద తీయించేది. సిరా అలుక్కుపోయి ఎప్పుడూ ఏదో ఒక నంబరు కనబడేది కాదు. పరీక్ష మొదలయ్యాక ఆవిడే గుమ్మంలో నిలబడి, కనబడని నంబరు హిందీలో ఒక్కసారి చెప్పి వెళ్లిపోయేది. ఆ రోజు చెప్పిన నంబరు "ఉన్‌సఠ్".

"నువ్వెంతేసేవు?"

"అరవై తొమ్మిది."

నాన్న నా వైపు అలాగే చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు. తువ్వాలుతో కళ్లొత్తుకునేంత నవ్వు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ కూడా వంటింట్లోంచి తొంగి చూసింది.

"నానూ అదే ఏసేను గదమ్మా! సఠ్ అంటే అరవై గదా అని అరవై తొమ్మిది ఏసేసేను."

హిందీవాళ్లు యాభై తొమ్మిదిని అరవైకి ఒకటి తక్కువ అంటారు. మనకి యాభై ముందు వినబడాలి, తరవాత తొమ్మిది. అరవై చెవిన పడగానే తెలుగువాడి చెయ్యి ఆరు వేసేస్తుంది. నాన్న కేబిన్‌లో చేరిన కొత్తలో స్టేషను మాస్టరు ఫోనులో బండి నంబరు ఉన్‌సఠ్ అంటే ఈయన ఆరు, తొమ్మిది రాసుకున్నాడట.

"మరేటయ్యింది నాన్నా?" హిందీ మర్చిపోయి అడిగాను.

"ఏటీ అవ్వలేదు. తిరిగి సెప్పాల గదా. ఛే నౌ అని తిరిగి సెప్పేను. అటునుంచి ఆయన, ఛే నౌ నహీఁ, పాంచ్ నౌ అని అరిసేడు. దిద్దుకున్నాను. తిరిగి సెప్పబట్టి సరిపోనాది."

అప్పుడు చెప్పాడు వాళ్ల పద్ధతి. ఫోనులో విన్నమాట విన్నట్టు తిరిగి చెప్పాలి. అవతలివాళ్లు సరే అన్నాక, ఇద్దరి దగ్గరా నంబర్ల కాగితాలుంటాయి, అందులోంచి ఒక నంబరు చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబరంటారు. చెప్పిన నంబరు కొట్టేయాలి, మళ్లీ వాడకూడదు. నంబరు ఇచ్చాడంటే నాకు అర్థమైంది, ఇక పూచీ నాది అని అర్థం. నంబరు పడకుండా బండి కదలదు.

"మీ బళ్లో అప్పజెప్పడం నేదేటి?" అన్నాడు.

"ఉంది. బట్టీపట్టి చెప్పేస్తాం."

"అది కాదు. పుస్తకం మూసి, అర్తమైంది సెప్పడం."

పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక వైపు రెండేసి అంకెల నంబర్లు ఇష్టం వచ్చినట్టు నిండా రాశాడు. ఒక పేజీ చదవాలి. పుస్తకం మూయాలి. అందులో ఏముందో తెలుగులో అప్పజెప్పాలి. విన్నవాళ్లకి అర్థమైతే నంబరిస్తారు. ఆ నంబరు పేజీ మూల రాసుకుంటేనే తరవాతి పేజీ. నాన్న డ్యూటీలు వారానికొక రకం. కాబట్టి వినే పని అమ్మది.

"నాకేటి తెలుసండీ!" అంది అమ్మ.

"నీకు తెలీకపోడమే గావాల," అన్నాడు నాన్న, ఆ కాగితం వంటింట్లో మేకుకి తగిలిస్తూ.

మర్నాడు పంచాయతీ పాఠంతోనే మొదలెట్టాను. పొయ్యి ముందు పీట మీద అమ్మ. గుమ్మంలో నేను. ఊరివాళ్లు ఓట్లేసి ముఖియాని ఎన్నుకుంటారని, ఆయన రోడ్లూ నూతులూ చూస్తాడని చెప్పాను.

"సొమ్ము ఎవులిత్తారు?"

"తెలీదు."

"ఆయన సరిగ్గా సెయ్యకపోతే?"

"పుస్తకంలో ఉంటుందేమో."

"నాకు అర్తమవ్వనేదు. నంబరివ్వను."

నాకు ఒళ్లు మండిపోయింది. "తుమ్‌కో కుఛ్ సమఝ్ మే నహీఁ ఆతా!" అని పుస్తకం విసిరేశాను. నీకేమీ అర్థం కాదనే ఆ మాత్రం హిందీ అమ్మకి అర్థమైంది. అప్పడం తిరగేస్తూ, "అందుకే గదే సెప్పమన్నారు," అంది నెమ్మదిగా. ఆ నెమ్మదికి ఇంకా కోపం వచ్చింది. ఏడుస్తూనే వెళ్లి ఆ పేజీ మళ్లీ చదివాను. తెల్లవార్లూ అరిచి చదివినా ఎక్కని పేజీ, సొమ్మెవరిస్తారో వెతుక్కుంటూ నోరు మూసుకుని చదివితే పావుగంటలో ఎక్కింది. తిరిగొచ్చి చెప్పాను. అమ్మ చెయ్యి తుడుచుకుని లేచి, కాగితం మీద ఒక నంబరు మీద వేలు పెట్టింది. అంకెలు ఆవిడకి రావు కాబట్టి చూపించడమే. నాలుగు, ఏడు. పేజీ మూల రాసుకుని, కాగితం మీద కొట్టేశాను.

అలా నడిచింది. మొదటి వారంలో నాలుగు నంబర్లు. తరవాత రోజుకి రెండు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయిందని పక్క క్వార్టరావిడ, పిల్లకి ఒంట్లో బాగోలేదా అని అడిగింది కూడా.

ఒక సాయంత్రం ఆకులు ఆహారం తయారుచేసుకునే పాఠం. అమ్మ వింటూ వింటూ, "అంటే ఆకు వంట సేసుకుంటాదా?" అంది.

"అవును."

"పొయ్యేదీ?"

"ఎండే పొయ్యి."

అమ్మ లేచి పెరటి గుమ్మంలోకి వెళ్లింది. మా పెరట్లో బచ్చలి తీగ ఒకటి పందిరికి పాకి ఉండేది. సాయంత్రపు ఎండ చివరి ముక్క దాని మీద ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఆ పూట పప్పులోకి బచ్చలాకు కోయాల్సింది, కోయలేదు. "పని మీదున్నాయి, పొద్దోయాక కోద్దాం," అంది. నేను నవ్వలేదు. నాకూ ఆ ఆకులన్నీ పొయ్యి ముందు కూర్చున్నట్టే కనిపించాయి. నా కలలన్నీ ఇదివరకు పుస్తకం వదిలి బయటికి పోయేవి. ఆ రోజు మొదటిసారి పుస్తకంలోనే ఉండిపోయాయి.

భూగోళంలో నదులు వచ్చాయి. ఖర్కాయి వెళ్లి సువర్ణరేఖలో కలుస్తుంది, సువర్ణరేఖ సముద్రంలో కలుస్తుంది అని చెప్పాను.

"ఏ సముద్రం?"

"బంగాళాఖాతం."

"అంటే మన సముద్రమేనేటి? మా ఊరి కాడున్నది?"

"అదే."

వారానికోసారి ఖర్కాయి వంతెన మీదుగా ఆదిత్యపూర్ వెళ్లొస్తాం. ఆ నీళ్లని ఊరికే చూసి వదిలేస్తాం. అమ్మ నేను అడగకుండానే లేచి నంబరిచ్చింది. వేలు పెట్టి ఊరుకోలేదు. "దీన్నేటంటారు?" అంది.

"ఆఠ్."

"తెలుగులో సెప్పు."

"ఎనిమిది."

ఆ వేళ నుంచి నంబరిచ్చినప్పుడల్లా రెండు అంకెలూ పలికించి తను తిరిగి చెప్పేది. నెల తిరిగేసరికి వేలు పెట్టడం మానేసి పైకి చదివి ఇవ్వడం మొదలెట్టింది. నా ధ్యాసంతా పటం వెనకున్న ఉత్తరం మీదే. ఆవిడ అంకెలు నేర్చుకుంటోందని నాకు తట్టనే లేదు.

పరీక్షలకి వారం ముందు గుండెకాయ పాఠం. పైన రెండు గదులు, కింద రెండు గదులు అనగానే, "మన క్వార్టరు కన్నా పెద్దదే," అంది అమ్మ. మా క్వార్టరుకి రెండే గదులు. కుడి వైపు నుంచి రక్తం ఊపిరితిత్తులకి వెళ్తుందన్నంత వరకూ చెప్పాను. "ఎల్లి?" అంది. ఆ పాఠం ఈ పరీక్షలకి లేదని ఆ రోజే బళ్లో చెప్పారు. "రేపు చెప్తాలే," అని లెక్కలు తీసుకున్నాను. ఆ రేపు రాలేదు.

లెక్కల పరీక్ష రోజు ఆరో ప్రశ్నలో మళ్లీ సిరా అలుక్కుపోయింది. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఉన్యాసీ," అని వెనుదిరిగింది. అస్సీ అంటే ఎనభై. నా చెయ్యి ఎనిమిది వేయబోయి ఆగింది, ఒకటి తక్కువ కదా, ఏడు, తొమ్మిది. క్లాసులో ఎప్పుడూ నోరెత్తని దాన్ని, లేచి నిలబడ్డాను.

"సాత్ నౌ, దీదీ?"

హాలంతా గొల్లుమంది. ఆవిడ వింతగా చూసి, "హాఁ, సాత్ నౌ," అంది. నేను కూర్చుంటుంటే నా వెనక బల్లల్లో రెండు పెన్నులు గట్టిగా గీతలు కొట్టిన చప్పుడు వినిపించింది. ఆ ఇద్దరూ మా కాలనీ తెలుగు పిల్లలే.

రిజల్టు రోజు మధ్యాహ్నం బడి నుంచి పరుగున వచ్చాను. నాన్న అప్పుడే నిద్ర లేచి టీ తాగుతున్నాడు.

"పాసయ్యాను."

"తిరిగి సెప్పు."

"పాసయ్యాను నాన్నా, అన్నిట్లోనూ."

మార్కులు గొప్పవేం కాదు. లెక్కల్లో మటుకు మా వరస పిల్లలందరికన్నా ఎక్కువే. నాన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. ఇక ఆ ఉత్తరం చింపేయాలి కదా. పటం వెనక చెయ్యి పెట్టి తీశాడు, విప్పాడు, అలాగే నిలబడిపోయాడు.

నేనూ వెళ్లి చూశాను. నాన్న రాసిన అక్షరాల మీద, అడ్రసు మీద, అంటించే అంచుల మీద, ఎక్కడా సూది మోపే చోటు లేకుండా బొగ్గుతో నంబర్లు. రెండేసి అంకెలు. వంకరటింకరగా ఉన్నాయి. తొమ్మిదులు కొన్ని అటువైపుకి తిరిగిపోయాయి. మావయ్య పేరు మీద పెద్ద ఎనిమిది ఒకటి కూర్చుంది. ఆ ఉత్తరాన్ని ఏ పోస్టుమేనూ ఏ ఊరికీ పట్టుకెళ్లలేడు.

"ఇదేటి పని?" అన్నాడు నాన్న.

"ఆ కాయితం నిండిపోవొచ్చింది," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచే, ఇటు తిరగకుండా. "పదో కళాసుకి గావాల గదా."

"ఎప్పుడు రాసేవు?"

"సంకురాత్రి ముందు."

పరీక్షలు సంక్రాంతి వెళ్లిన చాన్నాళ్లకి జరిగాయి. అంటే నేను పాసవుతానో తప్పుతానో ఎవరికీ తెలియకముందే. నేను ఆ ఉత్తరానికి భయపడి దేవుడి మొహం కూడా చూడని రోజుల్లోనే. ఆవిడ చేతికొచ్చిన మొట్టమొదటి రాత అది. పాసైన సంతోషానికి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నాన్న ఆ ఉత్తరం చింపలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి, పాత కాగితం తీసి, అదే మేకుకి తగిలించాడు.

నేను మొహం తుడుచుకుని వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏ పాఠమూ లేదు. పదో క్లాసు పుస్తకాలు ఇంకా రాలేదు. అమ్మ పీట ఇటు జరుపుకుంది.

"ఆ రగతం ఊపిరితిత్తులకి ఎల్లింది గదా. తిరిగొచ్చిందా, నేదా?"

అన్నాళ్లూ ఆవిడ దాన్ని అక్కడే పట్టుకుని కూర్చుంది.

"తిరిగొస్తుందమ్మా," అన్నాను, "ఎడమ పక్క పై గదిలోకి," అని మొదలెట్టాను.